నరం చూపే వెలుగు... ఓ వాద్యకారుడి చలవ

పిల్లల వార్డులో డ్యూటీ చేసిన నర్సింగ్ విద్యార్థుల్ని అడిగి చూడండి, బాగా చెమటలు పట్టించే పని ఏదని. బొద్దుగా ఉన్న ఏడాది పాపకు సెలైన్ కోసం కాన్యులా పెట్టడమే అంటారు. నరాలు దారాల్లా ఉంటాయి, వాటి మీద కొవ్వు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే అసలే దొరకవు. పాప ఏడుపు, తల్లి కంగారు సరేసరి. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో వెయిన్ ఫైండర్ వాడుతున్నారు. చేతికి పైన పట్టుకుంటే చర్మం మీదే నరాల పటం పడుతుంది. అందులో వాడే కనపడని వెలుగును మొదట పసిగట్టినాయన డాక్టరూ కాదు, ఇంజినీరూ కాదు. బ్యాండులో ఓబో వాయించినాయన. పేరు విలియం హెర్షెల్.

1738లో జర్మనీలోని హనోవర్‌లో పుట్టారు. తండ్రి సైనిక బ్యాండులో వాద్యకారుడు. 14 ఏళ్లకే కొడుకూ అందులో చేరాడు. యుద్ధం ముంచుకురావడంతో 1757లో ఇంగ్లండ్ చేరారు. చేతిలో డబ్బు లేదు. సంగీతం నోట్స్ కాపీ చేసి పెడుతూ పొట్ట పోసుకున్నారు. 1766లో బాత్ నగరంలోని ఆక్టగాన్ చాపెల్‌లో ఆర్గాన్ వాయించే ఉద్యోగం వచ్చింది. పాఠాలు, కచేరీలు కూడా. మన లెక్కలో సెటిల్ అయిపోయినట్టే కదా!

కానీ స్వరాల లెక్కలపై రాబర్ట్ స్మిత్ రాసిన పుస్తకం చదివి, అదే రచయిత కాంతి మీద రాసిన పుస్తకం పట్టుకున్నారు. అక్కడి నుంచి టెలిస్కోపుల పిచ్చి. పెద్దవి కొనే స్తోమత లేక తానే తయారు చేశారు. అప్పటి అద్దాలు రాగి, తగరం కలిపి పోతపోసినవి. పాలిష్ మధ్యలో ఆపితే పాడవుతుందని ఒక్కోసారి 16 గంటలు కదిలేవారు కాదు. చెల్లెలు కరొలిన్ పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టేది. (ఆమెను వంటింటికే పరిమితం అనుకోకండి. తర్వాత ఎన్నో తోకచుక్కలు కనిపెట్టి, రాజు దగ్గర జీతం అందుకుంది.) 1781 మార్చి 13 రాత్రి, ఇంటి పెరట్లోంచి హెర్షెల్ యురేనస్‌ను చూశారు. మొదట తోకచుక్క అనుకున్నారు. రాజు మూడో జార్జి ఏడాదికి 200 పౌండ్లు ఇస్తానన్నారు. సంగీతంలో వచ్చేదానికంటే తక్కువే. అయినా ఒప్పుకున్నారు.

మనకు కావాల్సిన ఘట్టం 1800లో. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. సూర్యుణ్ని చూడటానికి రంగు అద్దాలు మారుస్తుంటే, కొన్నింట్లో వెలుగు తక్కువైనా కంటికి వేడి ఎక్కువగా తగిలింది. ఏ రంగులో ఎంత వేడి? పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, బల్బుకు నల్లరంగు పూసిన థర్మామీటర్ పెట్టారు. పోల్చుకోవడానికి మరికొన్ని పక్కన ఉంచారు. ఊదా కంటే ఆకుపచ్చలో, దానికంటే ఎరుపులో వేడి ఎక్కువ. ఎరుపు దాటి, ఏ రంగూ లేని చోట పెడితే ఇంకా ఎక్కువ! పక్కనున్నవి పెరగలేదు కాబట్టి అది గది వేడి కాదని తేలిపోయింది. మీ ప్రాజెక్టులో కంట్రోల్ ఎందుకని గైడ్ అడిగితే ఈ ప్రయోగమే చెప్పండి.

వెయిన్ ఫైండర్ వేడిని కొలవదు. ఎరుపుకి ఆనుకుని ఉన్న నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చర్మం మీదికి పంపుతుంది. సిరల్లోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న కండ వెనక్కి పంపుతుంది. కెమెరా ఆ తేడా పట్టుకుని, కనిపించే కాంతితో బొమ్మను మళ్లీ చర్మం మీదే వేస్తుంది. అయితే లోతైన సిరల్ని చూపదు, సూది ఎంత లోతుకు దిగిందో చెప్పదు. పిల్లలపై జరిగిన అధ్యయనాల ఫలితాలూ ఒకేలా లేవు. కొన్నింటిలో మేలు కనిపించింది, కొన్నింటిలో మొదటి ప్రయత్నంలో పెద్ద తేడా రాలేదు. నర్సింగ్, బయోమెడికల్ ఇంటర్వ్యూల్లో దీని గురించి అడిగితే చాలామంది గొప్పలే చెబుతారు. మీరు ఈ పరిమితులు కూడా చెప్పండి.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న స్లౌలో కన్నుమూశారు. ఇన్‌ఫ్రారెడ్ అన్న మాట ఆయన వినలేదు. అది కొన్ని దశాబ్దాల తర్వాత వచ్చింది.