పాల్ క్లే – కుమారుని బొమ్మలాట

ఆధునిక చిత్రకారులలో పాల్ క్లే మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయన తన జీవితకాలమున ఇంచుమించు తొమ్మిదివేల చిత్రములను రచించెను. వానికి సంఖ్యలు వేసి, పేర్లు పెట్టి, వరుసగా ఒక పట్టికలో వ్రాసికొనుచు వచ్చెను. అంతటి క్రమశిక్షణ గలవాడయ్యును, తన చేతితో చేసిన కొన్ని వస్తువులను మాత్రము ఆ పట్టికలో చేర్చడయ్యెను. అవి కుమారుడు ఆడుకొనుటకై చేసియిచ్చిన చేతిబొమ్మలు.

క్లే 1879వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన స్విట్జర్లాండు దేశమున బెర్ను నగరమునకు సమీపమందలి యొక గ్రామమున జన్మించెను. తండ్రి సంగీతోపాధ్యాయుడు. తల్లియు గానవిద్య నేర్చినదే. బాల్యముననే క్లే వయొలిను వాయించుటలో నేర్పరి యయ్యెను. అయినను అతని మనస్సు చిత్రలేఖనము వైపునకే మొగ్గెను. 1898లో జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు బోయి ఆ విద్యను అభ్యసించెను. 1906లో లిలీ యను పియానో విద్వాంసురాలిని వివాహమాడెను. మరుసటి సంవత్సరము నవంబరు 30వ తేదీన వారికి ఫెలిక్స్ అను కుమారుడు కలిగెను.

ఆ దినములలో క్లే చిత్రములను కొనువారు అరుదు. లిలీ పియానో పాఠములు చెప్పి సంసారమును నడుపుచుండెను. క్లే ఇంటియందుండి వంట చేయుచు, బిడ్డను సాకుచు, వంటయింటిలోనే కూర్చుండి చిత్రములు వేయుచుండెను. బిడ్డ యెదుగుదలను, జ్వరములను, మాటలను గూడ ఒక పుస్తకమున శ్రద్ధతో వ్రాసియుంచెను.

మ్యూనిక్ నగరమున జరుగు సంతకు తండ్రీకుమారులు వెళ్ళుచుండెడివారు. అచ్చట కాస్పర్ల్ అను విదూషకుని బొమ్మలాట నాడించుచుండిరి. బాలుడు దానిని మిక్కిలి మక్కువతో చూచి, తనకును అట్టి బొమ్మలు కావలెనని కోరెను.

ఇంతలో 1914లో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. క్లే మిత్రుడు, చిత్రకారుడునగు ఔగుస్ట్ మాకె ఆ యేడే రణరంగమున మరణించెను. 1916 మార్చిలో మరియొక ప్రియమిత్రుడు ఫ్రాంజ్ మార్క్ కూడ అట్లే ప్రాణములు కోల్పోయెను. ఆ నెలలోనే క్లేకు సైన్యమున చేరవలసినదని ఆజ్ఞ వచ్చెను. ఆయనను విమానశాలలో పనికి నియోగించిరి.

ఆ సంవత్సరమే ఫెలిక్స్‌కు తొమ్మిదవ జన్మదినము వచ్చెను. సైనికుడైన తండ్రి కుమారుని కోరికను మరువలేదు. ఎనిమిది బొమ్మలను చేసి బహుమానముగా నిచ్చెను. వానిలో కాస్పర్ల్, అతని భార్య గ్రెటెల్, రక్షకభటుడు, సైతాను మొదలగువారుండిరి. మృత్యువు కూడ ఒక బొమ్మయై యుండెను.

ఈ బొమ్మలకు కాళ్ళుండవు. తల క్రింద ఒక గుడ్డసంచి వంటి అంగీ యుండును. ఆడించువాడు అంగీలో చేయి దూర్చి, చూపుడు వ్రేలిని బొమ్మ మెడలోను, బొటనవ్రేలిని, నడిమి వ్రేలిని దాని చేతులలోను ఉంచి కదలించును. తెర వెనుక మనుష్యుడు కనబడడు. బొమ్మయే తల యూపును, దండము పెట్టును, దెబ్బలాడును.

1925 వరకును క్లే ఇట్లు దాదాపు ఏబది బొమ్మలను చేసెను. వానికై ఆయన విలువగల సామగ్రిని కొనలేదు. సున్నపుముద్ద, ఎముకలు, గింజల పెంకులు, కుంచెల వెండ్రుకలు, బొచ్చుతోలు ముక్కలు, పాతగుడ్డలు ఇవియే ఆయనకు చాలెను. పనికిరాని విద్యుత్తు పరికరము ఒక భూతపు తలయయ్యెను. అగ్గిపెట్టెలు మరియొక దయ్యమయ్యెను.

1921లో క్లే వైమార్ నగరమున బౌహౌస్ అను ప్రసిద్ధ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అచ్చట ఫెలిక్స్ బొమ్మలాట లాడించి, పేరుగల ఆచార్యులను గూడ పరిహసించి అందరిని నవ్వించుచుండెను. తండ్రి కూడ ఆ పరిహాసమునకు వెలిగా నుండలేదు. 1922లో క్లే పెద్ద కన్నులతో తన రూపమునే బొమ్మగా చేసి కుమారుని చేతికిచ్చెను. గొప్ప ఆచార్యుడయ్యును తన్ను చూచి పిల్లలు నవ్వుటకు ఆయన సంకోచింపలేదు.

1933లో జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చి క్లేను ఉద్యోగమునుండి తొలగించిరి. ఆయన బెర్ను నగరమునకు మరలి వచ్చెను. 1935లో తీవ్రమైన వ్యాధి సోకెను. 1937లో నాజీలు ఆయన చిత్రములను నిందించుటకై బహిరంగముగా ప్రదర్శించిరి. అయినను ఆయన చిత్రరచన మానలేదు. 1940 జూన్ 29వ తేదీన పరలోకగతుడయ్యెను.

ఫెలిక్స్ పెరిగి నాటకముల దర్శకుడయ్యెను. 1945 మార్చి 16వ తేదీన వుర్జ్‌బుర్గ్ నగరముపై విమానములు బాంబులు కురిపించినపుడు, అచ్చట నున్న బొమ్మలు నశించెను. మొదటి ఎనిమిదింటిలో మిగిలినది మృత్యువు బొమ్మ యొక్కటియే. ఒక యుద్ధకాలమున పుట్టిన బొమ్మలను వేరొక యుద్ధము కబళించెను.

అన్నియు కలిసి ముప్పది బొమ్మలు నిలిచియున్నవి. బెర్ను నగరమున 2005లో వెలసిన పాల్ క్లే కేంద్రమున వానిని భద్రపరచిరి. పట్టిక కెక్కని ఆ బొమ్మలను నేడు దేశదేశములవారు వచ్చి చూచుచున్నారు. యుద్ధభయము, మిత్రవియోగము, ధనాభావము తన్ను చుట్టుముట్టినను, తొమ్మిదేండ్ల బాలుని ముచ్చటను అల్పమని త్రోసివేయక, చిత్రపటమునకు చూపిన శ్రద్ధనే చిత్తుగుడ్డ బొమ్మకును చూపిన ఆ తండ్రి స్మరణీయుడు.