అశ్వహృదయ మెరిగిన జెనోఫన్

నలమహారాజునకు అశ్వహృదయము తెలియునని మన భారతకథ చెప్పుచున్నది. గుర్రము మనస్సును గ్రహించి దానిని నడపగల విద్యకు మన పెద్దలు పెట్టిన పేరది. అట్టి విద్యను సాధించి, దానిని పదిమందికి తెలియునట్లు గ్రంథముగా వ్రాసిన గ్రీకు వీరు డొకడు కలడు. అతడే జెనోఫన్.

జెనోఫన్ క్రీ. పూ. 430 ప్రాంతమున ఏథెన్సు నగరమున ఒక సంపన్న కుటుంబమునందు జన్మించెను. ఆ కాలమున గుర్రమును పోషించుట కలిమిగలవారికే సాధ్యము. యౌవనముననే అతనికి గుర్రపుస్వారి అలవడెను. సోక్రటీసు మహాశయుని శిష్యుడగు భాగ్యమును కలిగెను.

క్రీ. పూ. 401లో పారసీక రాజకుమారుడగు సైరసు, చక్రవర్తియైన తన అన్నపై దండెత్తెను. అతని సైన్యమున పదివేలకు పైగా గ్రీకులు జీతమునకు కుదిరిరి. మిత్రుని పిలుపుపై జెనోఫన్ కూడ వారితో వెళ్లెను. బాబిలోను సమీపమున జరిగిన యుద్ధమున సైరసు మరణించెను. పిమ్మట పారసీకులు సంధి మాటలకని గ్రీకు సేనానులను పిలిపించి, మోసముతో పట్టి చంపించిరి. పరాయి దేశము; దారి తెలియదు; తరుముచున్న శత్రువులకు ఆశ్వికదళము కలదు, తమకు లేదు. ఆ రాత్రి దిగులుపడియున్న సైనికులకు ధైర్యము చెప్పి లేపినవాడు జెనోఫన్. వారు అతనిని తమ క్రొత్త సేనానులలో నొకనిగా ఎన్నుకొనిరి.

ఆ ప్రయాణమున నొకనాడు శత్రువులకంటె ముందుగా ఒక కొండ శిఖరమును చేరవలసి వచ్చెను. జెనోఫన్ గుర్రముపై ప్రక్కన పోవుచు సైనికులను త్వరపెట్టుచుండెను. తాను బరువైన డాలును మోయుచుండగా సేనాని సుఖముగా స్వారి చేయుచున్నాడని ఒక సైనికుడు సణిగెను. జెనోఫన్ వెంటనే గుర్రము దిగి, వానిని వరుసనుండి తొలగించి, ఆ డాలును తానే తీసికొని నడవసాగెను. అతడు తొడిగికొన్నది ఆశ్వికుల బరువైన కవచము. అడుగు పడుటయే కష్టము. తోడి సైనికులు ఆ గొణిగినవానిని తిట్టి కొట్టి, డాలును మరల వానిచేతనే పట్టించిరి.

ఆర్మీనియాలో మంచు గుర్రముల పొట్ట వరకు వచ్చెను. కాళ్లకు చిన్న సంచులు కట్టినచో అవి మంచులో దిగబడవని ఒక గ్రామపెద్ద చెప్పగా, గ్రీకులు అట్లే చేసి ముందునకు సాగిరి. తుదకు వారు నల్లసముద్రమును చేరిరి.

క్రీ. పూ. 399లో లాంప్సకసు పట్టణమును చేరునప్పటికి జెనోఫన్ చేతిలో డబ్బు లేదు. దారిఖర్చులకై తన ప్రియమైన గుర్రమును 50 పారసీక బంగారు నాణెములకు అమ్మివేసెను. సైన్యమునకు జీతములు తెచ్చిన ఇద్దరు, ఆ గుర్రముపై అతనికి గల మమకారమును విని, దానిని తామే కొని తిరిగి యిచ్చి, వెల పుచ్చుకొనుటకు అంగీకరింపలేదు. ఆ సంవత్సరముననే ఏథెన్సులో సోక్రటీసునకు మరణశిక్ష అమలు జరిగెను. శిష్యుడు కడసారి గురువును చూడలేకపోయెను.

తరువాత జెనోఫన్ స్పార్టావారి పక్షమున చేరెను. ఏథెన్సు అతనిని బహిష్కరించెను. స్పార్టావారు ఒలింపియా సమీపమున స్కిల్లసు అనుచోట భూమి నిచ్చిరి. వేట, వ్యవసాయము, గ్రంథరచనలతో అచ్చట చాలకాలము గడచెను.

అతని గ్రంథములలో అశ్వవిద్యను గూర్చినది చిన్నదైనను మిక్కిలి విలువైనది. తనకంటె చిన్నవారగు మిత్రులకొరకు దానిని వ్రాసెను. అంతకుముందు సైమను అను ఏథెన్సువాడు ఇట్టి గ్రంథమే వ్రాసి, నగరమున ఒక కంచు గుర్రమును కూడ ప్రతిష్ఠించియుండెను. జెనోఫన్ ఆ పూర్వుని గౌరవముతో తలచి, అతడు విడిచిన సంగతులను పూరించుటకు పూనుకొనెను.

గుర్రమునకు మాటలు రావు. దాని శరీరమే దాని భాష. చెవులు ముందునకు నిక్కినచో ఏదో దాని దృష్టి నాకర్షించినది. చెవులు మెడకు అంటునట్లు వెనుకకు వాలినచో అది కోపించినది. కన్నుల తెలుపు కనబడి, ముక్కుపుటములు విచ్చినచో బెదరినది. ఈ గుర్తులు గుర్రములను పెంచువారందరికి నేటికిని తెలిసినవే. అవి కనబడినపుడు మనుష్యుడు ఎట్లు మెలగవలెనో జెనోఫన్ శ్రద్ధగా విచారించెను. గుర్రము ఒక వస్తువును చూచి బెదరినచో పలువురు కొరడా ఝళిపింతురు. ఇది తగదని అతని మతము. ఆ దెబ్బల బాధ కూడ ఆ వస్తువువలననే కలిగినదని గుర్రము తలచును, భయము రెట్టింపగును. రౌతు తానే ముందు ఆ వస్తువును తాకి చూపి, గుర్రమును మెల్లగా దాని చెంతకు నడిపింపవలెను. గుర్రము కడకు కోపముతో ఎన్నడును పోరాదనియు అతడు గట్టిగా చెప్పెను. బలవంతముతో చేయించిన పనిని గుర్రము గ్రహింపదు, అందు అందమును ఉండదు. కొరడాతో కొట్టి నర్తకునిచేత ఆడించిన ఆటవంటిదే అది.

గుర్రమును తోమువాడు ముందును వెనుకను గాక ప్రక్కన నిలువవలెనని కూడ అతడు చెప్పెను. గుర్రము కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే, నుదుటికి సరిగా ఎదుటనున్నదియు తోకకు సరిగా వెనుకనున్నదియు దానికి కనబడవని నేడు మన మెరుగుదుము. యజమాని తరచుగా చూడగలచోట గుర్రపుసాల నుండవలెనట! మేత విడిచినచో వ్యాధి ముదురకమునుపే తెలియునని అతని తలంపు.

క్రీ. పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధమున స్పార్టావారు ఓడిరి. జెనోఫన్ స్కిల్లసును కోల్పోయి కొరింథు చేరెను. ఏథెన్సు స్పార్టాతో స్నేహము చేయగా అతని కుమారు లిద్దరును ఏథెన్సు ఆశ్వికదళమున చేరిరి. పెద్దవాడగు గ్రిల్లసు క్రీ. పూ. 362లో మాంటినియా వద్ద పోరాడుచు మరణించెను. ఆ వార్త వచ్చినపుడు జెనోఫన్ తలపై పూలదండతో దేవతలకు బలి యర్పించుచుండెననియు, విని దండను తీసివేసెననియు, కుమారుడు వీరుడై పడెనని తెలిసినంతనే మరల ధరించెననియు చెప్పుదురు. అటుతరువాత ఇంచుమించు ఎనిమిదేండ్లకు, క్రీ. పూ. 354 ప్రాంతమున, జెనోఫన్ మరణించెను.