రాబర్ట్ బాష్

రాబర్ట్ బాష్ (సెప్టెంబరు 23, 1861 - మార్చి 12, 1942) జర్మనీ దేశానికి చెందిన యంత్ర నిపుణుడు, పారిశ్రామికవేత్త, దాత. పెట్రోలు ఇంజన్లలో నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటోను మోటారు వాహనాలకు అనువుగా తీర్చిదిద్దిన సంస్థకు ఇతడు స్థాపకుడు. డీజిల్ వాహనాలకు కావలసిన ఇంధన ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేసినదీ ఈ సంస్థయే. పెట్రోలు వాహనాలలో కార్బురేటర్ స్థానాన్ని ఆక్రమించిన ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ పద్ధతిని, ఇతడు మరణించిన 25 సంవత్సరాల తరువాత, ఇతడి సంస్థయే పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చింది.

బాష్ పేరుతో ప్రసిద్ధి పొందిన పరికరాలలో ముఖ్యమైనవి ఇతడు స్వయంగా కనిపెట్టినవి కావు. అవి ఇతడి వద్ద పనిచేసిన నిపుణులు రూపొందించినవి. సమర్థులను గుర్తించి పని అప్పగించడం, తయారీలో కొలతల విషయమై రాజీ పడకపోవడం ఇతడి ప్రత్యేకతలు.

బాల్యం, విద్యాభ్యాసం

బాష్ జర్మనీలోని ఉల్మ్ నగర సమీపాన ఉన్న ఆల్బెక్ గ్రామంలో జన్మించాడు. తల్లిదండ్రుల 12 మంది సంతానంలో ఇతడు 11వ వాడు. తండ్రి సెర్వేషియస్ బాష్ వ్యవసాయదారుడు, బాటసారులకు సత్రం నడిపేవాడు. ఆ కాలపు గ్రామస్థులలో చదువుకున్నవాడుగా ఆయనకు పేరుండేది. 1869లో కుటుంబం ఉల్మ్ నగరానికి తరలివచ్చింది. బాష్ 1876 వరకు అక్కడి పాఠశాలలో చదివి, ఆపై సూక్ష్మ యంత్రాల పనిలో శిష్యరికం చేశాడు. పని నేర్పవలసిన యజమాని శ్రద్ధ చూపకపోవడం వలన ఈ శిష్యరికం ఇతడికి తృప్తినివ్వలేదు. తరువాతి కాలంలో తన కర్మాగారంలో శిష్యుల శిక్షణకు ఇతడు ప్రత్యేక శ్రద్ధ వహించాడు.

శిష్యరికం ముగిసిన పిమ్మట పలు జర్మన్ సంస్థలలో పనిచేశాడు. 1881-82లో సైనిక శిక్షణ పొందాడు. 1883-84లో స్టట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో అతిథి విద్యార్థిగా చేరి విద్యుత్ శాస్త్రపు మౌలికాంశాలను నేర్చుకున్నాడు. 1884లో అమెరికా వెళ్ళి ఎడిసన్ సంస్థలోను, మరుసటి సంవత్సరం ఇంగ్లండులో సీమెన్స్ సోదరుల సంస్థలోను పనిచేసి స్వదేశానికి తిరిగివచ్చాడు.

కార్ఖానా స్థాపన

1886 నవంబరు 15న స్టట్‌గార్ట్ నగరంలో బాష్ ఒక చిన్న కార్ఖానా ప్రారంభించాడు. పెట్టుబడి తండ్రి ఆస్తి నుండి వచ్చిన 10,000 మార్కులు. పనివారు ఒక మెకానిక్కు, ఒక కుర్రవాడు. టెలిఫోన్లు బిగించడం, విద్యుత్ గంటలు అమర్చడం, పరికరాలు బాగుచేయడం మొదలైన పనులు చేసేవారు. తొలి సంవత్సరాలలో ఆదాయం స్థిరంగా ఉండేది కాదు.

1887లో ఒక యంత్ర నిర్మాత కోరిక మేరకు బాష్ స్థిర ఇంజను కొరకు ఒక మాగ్నెటోను తయారుచేసి ఇచ్చాడు. ఇటువంటి పరికరాన్ని డాయిట్జ్ సంస్థ అప్పటికే వాడుతున్నది, దానికి పేటెంటు లేదు. అయస్కాంత ధ్రువాల మధ్య తీగచుట్టను కదిలించి విద్యుత్తును పుట్టించి, దానితో సిలిండరులో నిప్పురవ్వను కలిగించడం మాగ్నెటో చేసే పని. దీనికి బ్యాటరీ అవసరం లేదు. బాష్ దీనిని క్రమంగా మెరుగుపరచి అమ్మసాగాడు.

మోటారు వాహనానికి మాగ్నెటో

మోటారు వాహనాల తొలినాళ్ళలో నిప్పురవ్వ ప్రధాన సమస్యగా ఉండేది. కొన్ని ఇంజన్లలో ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనాన్ని మండించేవారు, ఇది ప్రమాదకరం. బ్యాటరీతో పనిచేసేవి త్వరగా శక్తిని కోల్పోయి దారిలో ఆగిపోయేవి. స్థిర ఇంజన్ల మాగ్నెటో నమ్మకమైనదే గాని, బరువైన దాని భాగాలు వాహన ఇంజను వేగాన్ని అందుకోలేకపోయేవి.

1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ఫ్రాన్సులో తయారైన డి డియాన్-బూటన్ మూడుచక్రాల బండి ఒకదానిని తెచ్చి, దానికి మాగ్నెటో అమర్చవలసిందిగా కోరాడు. ఆ ఇంజను నిమిషానికి వెయ్యికి మించి తిరిగేది. బాష్ వద్ద పనిచేస్తున్న ఆర్నాల్డ్ జేరింగర్ దీనికి పరిష్కారం కనుగొన్నాడు. బరువైన తీగచుట్టను కదలకుండా నిలిపి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగు మాత్రమే అటూ ఇటూ ఊగే ఏర్పాటు చేశాడు. తయారై ఉన్న వాహనానికి అదనపు పరికరాన్ని అమర్చి దాని లోపాన్ని సరిదిద్దిన ఈ ప్రయత్నంతో బాష్ సంస్థ మోటారు వాహన రంగంలో ప్రవేశించింది. 1898లో లండనులో సంస్థ తొలి విదేశీ విక్రయశాల ఏర్పడింది.

ఇంజన్ల వేగం ఇంకా పెరగడంతో, అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును గాట్లాబ్ హోనాల్డ్ 1902 నాటికి రూపొందించాడు. హోనాల్డ్ ఒకప్పుడు బాష్ కార్ఖానాలోనే శిష్యుడుగా ఉండి, ఇంజనీరింగు చదివి తిరిగివచ్చినవాడు. 1906లో సంస్థ లక్షవ మాగ్నెటోను తయారుచేసింది. వృత్తంలో మాగ్నెటో ఆర్మేచరును చూపే బాష్ చిహ్నాన్ని 1918లో గీచినది కూడ హోనాల్డే.

కార్మికులు, దానధర్మాలు

1906లో బాష్ తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. జర్మనీలో ఈ పని చేసిన తొలి యజమానులలో ఇతడొకడు. మంచి వేతనం ఇచ్చేవాడు. తోటి పారిశ్రామికవేత్తలు ఇతడిని ఎర్ర బాష్ అని పిలిచేవారు. అయినప్పటికీ కార్మికులతో విభేదాలు తప్పలేదు. 1913లో సంస్థలో సమ్మె జరిగింది. స్టట్‌గార్ట్ సాంకేతిక కళాశాలకు 1910లో 10 లక్షల మార్కులు విరాళమిచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన లాభాలలో పెద్ద భాగాన్ని నెకర్ నదిని పడవల రాకపోకలకు అనువుగా మార్చే పథకం మొదలైన ప్రజోపయోగ కార్యాలకు ఇచ్చివేశాడు. ఆ యుద్ధంలో అమెరికాలోని సంస్థ ఆస్తులను అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది.

డీజిల్ ఇంజెక్షన్ పంపు

రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన తొలి ఇంజన్లలో ఇంధనాన్ని సంపీడిత వాయువుతో సిలిండరులోకి చిమ్మేవారు. దీనికి బరువైన కంప్రెసరు అవసరం కావడంతో ఆ ఇంజన్లు ఓడలకు, కర్మాగారాలకు తగినవే గాని లారీలకు పనికివచ్చేవి కావు. ఇంధనాన్ని నేరుగా పంపుతో చిమ్మగలిగితే ఈ చిక్కు తొలగుతుంది. 1922లో బాష్ ఈ పరిశోధన చేపట్టాలని నిర్ణయించాడు. 1927లో పంపుల తయారీ పెద్ద ఎత్తున మొదలైంది.

ఈ పంపులో ప్రతి సిలిండరుకు ఒక ప్లంజరు, అది కదిలే బ్యారెలు ఉంటాయి. రెంటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వేయవవంతులు మాత్రమే. ప్లంజరుపై ఏటవాలుగా గాడి చెక్కబడి ఉంటుంది. ప్లంజరును కొద్దిగా తిప్పితే గాడి స్థానం మారి, చిమ్మే డీజిలు పరిమాణం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఇంత సన్నని కొలతతో ఒకే తీరుగా వేలాది పంపులు చేయగలగడమే ఇక్కడ సాధించిన విజయం. డీజిలు లారీ దీనివలన ఆచరణసాధ్యమైంది. 1936లో మెర్సిడెస్-బెంజ్ 260 డి కారులోను బాష్ పంపును వాడారు.

1925-26లో మోటారు వాహన పరిశ్రమలో ఏర్పడిన సంక్షోభం వలన బాష్ అనేకమందిని పనినుండి తొలగించవలసి వచ్చింది. ఒకే రంగంపై ఆధారపడడం మంచిది కాదని గ్రహించి విద్యుత్ పనిముట్లు, రేడియోలు, రిఫ్రిజిరేటర్ల తయారీ చేపట్టాడు.

విమాన ఇంజన్లు, యుద్ధకాలం

కార్బురేటరులో గాలి సన్నని మార్గంలో వేగంగా పోవడం వలన అక్కడి పీడనం తగ్గి, పెట్రోలు పైకి పీల్చబడి గాలిలో కలుస్తుంది. విమానం ఒక్కసారిగా ముక్కు కిందికి వంచి దూకినపుడు కార్బురేటరు లోని తేలుబిళ్ళ వ్యవస్థ అస్తవ్యస్తమై ఇంజను ఆగిపోయే ప్రమాదముంది. పెట్రోలును పంపుతో నేరుగా సిలిండరులోకి చిమ్మితే ఈ ఇబ్బంది ఉండదు. 1937 నుండి డైమ్లర్-బెంజ్ డి.బి. 601 విమాన ఇంజనులో బాష్ ఇంజెక్షన్ పంపును వాడారు. ఇదే ఇంజను జర్మన్ యుద్ధ విమానాలను నడిపింది.

బాష్ జీవితంలోని వైరుధ్యం ఈ కాలంలోనే కనిపిస్తుంది. ఇతడు ఫ్రాన్సుతో సయోధ్యను కోరినవాడు, యూదు వ్యతిరేకతను ఎదిరించే సంఘానికి సహకరించినవాడు. నాజీలను వ్యతిరేకించిన లైప్‌జిగ్ నగర మాజీ మేయరు కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సంస్థకు సలహాదారుగా నియమించాడు. సంస్థ అధిపతులు యూదులకు సహాయం చేశారు. వారిలో హాన్స్ వాల్జ్‌ను ఇజ్రాయెల్ దేశం 1969లో గౌరవించింది. ఇంకొకవైపు సంస్థ హిట్లర్ ప్రభుత్వ సైన్యానికి పరికరాలు సరఫరా చేసింది, వేలాదిమందితో నిర్బంధంగా పనిచేయించింది. ఈ రెండూ చరిత్రలో భాగాలే.

కుటుంబం, మరణం

1887లో బాష్ అన్నా కైసర్‌ను వివాహమాడాడు. వారసుడు కావలసిన కుమారుడు రాబర్ట్ దీర్ఘకాల వ్యాధితో 1921లో మరణించాడు. తరువాత ఈ దంపతులు విడిపోయారు. 1927లో మార్గరెట్ వోర్జ్‌ను పెళ్ళాడాడు. వీరికి ఒక కొడుకు, ఒక కూతురు. హోమియోపతిపై బాష్‌కు నమ్మకముండేది. 1940లో స్టట్‌గార్ట్‌లో ఇతడి విరాళంతో ఆసుపత్రి ప్రారంభమైంది. చెవిలో వ్యాధి ముదిరి 1942 మార్చి 12న బాష్ మరణించాడు. ఇతడు దూరంగా ఉంచదలచిన ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది.

కార్బురేటరు నుండి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్

యుద్ధానంతరం గుట్‌బ్రాడ్ వంటి చిన్న కార్లలోను, 1954లో మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్.ఎల్. కారులోను బాష్ యాంత్రిక ఇంజెక్షన్ పంపులు అమర్చారు. అయితే అవి ఖరీదైనవి. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957 ప్రాంతంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ప్రయత్నించింది. అవి అమర్చిన కొద్ది కార్లను కూడ చాలావరకు తిరిగి కార్బురేటర్లకు మార్చవలసి వచ్చింది. ఆ పేటెంట్ల హక్కులు బాష్ సంస్థకు చేరాయి. 1967లో డి-జెట్రానిక్ అనే పద్ధతి ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో వచ్చింది. ఇంజనులోనికి గాలి వెళ్ళే మార్గంలోని పీడనాన్ని బట్టి, నాజిలు ఎంతసేపు తెరచి ఉండాలో ఇందులో ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. అమెరికాలో పొగపై వచ్చిన నిబంధనలు దీనికి ప్రోద్బలం. 1976లో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సరు రావడంతో మిశ్రమాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దడం వీలైంది.

పాత కార్బురేటరు వాహనాన్ని ఈ పద్ధతికి మార్చేవారు కూడ ఈ భాగాలనే అమర్చుతారు: కార్బురేటరు స్థానంలో థ్రాటిల్ బాడీ, నాజిళ్ళు, అధిక పీడన పెట్రోలు పంపు, క్రాంక్ షాఫ్టు స్థానాన్ని తెలిపే సెన్సరు, పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు, వీటిని నడిపే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె. చాలా వ్యవస్థలలో మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగివెళ్ళే గొట్టం కూడ కావాలి. కార్బురేటరుకు చాలిన తక్కువ పీడనపు పంపు ఇందుకు చాలదు.

భారతదేశంలో

బాష్ ఉత్పత్తుల విక్రయం భారతదేశంలో 1922లో కలకత్తాలో మొదలైంది. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (మైకో) ఏర్పడింది. మైకో పంపు, మైకో ప్లగ్గు తెలుగునాట లారీ, ట్రాక్టరు మెకానిక్కులకు చిరపరిచితమైన పేర్లు. 2008లో ఈ సంస్థ పేరు బాష్ లిమిటెడ్ అయింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి రావడంతో దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలు కూడ చాలావరకు ఇంధన ఇంజెక్షన్‌కు మారాయి.

వారసత్వం

బాష్ తన వీలునామాలో సంస్థ స్వతంత్రంగా నిలవాలని, లాభాలు ప్రజాహితానికి ఉపయోగపడాలని కోరాడు. దానికి అనుగుణంగా 1964లో సంస్థ వాటాలలో అత్యధిక భాగం ధర్మనిధికి చేరింది. రాబర్ట్ బాష్ ఫౌండేషన్ అనే ఈ ధర్మనిధి విద్య, ఆరోగ్యం, అంతర్జాతీయ సౌహార్దం మొదలగు రంగాలలో పనిచేస్తున్నది.