జి. డి. నాయుడుగారి జీవితము

మన నాగోలునందు వాహనచోదకులను పరీక్షించు మైదానము కలదు. మన పూర్వవిద్యార్థు లనేకు లచ్చట బండి నడిపి చూపి లైసెన్సు పొందిరి. బండి నడుపుట పలువురు నేర్తురు. దాని కడుపులో నేమి జరుగుచున్నదో తెలిసికొనగోరువారు కొందరే. అట్టివారిలో అగ్రగణ్యులగు నొకరి చరిత్రమును ఈ సంచికలో వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున, తెలుగు రైతు కుటుంబమునందు జన్మించిరి. పసితనముననే తల్లి గతించెను. బడి యన్న వారికి గిట్టలేదు. ఉపాధ్యాయునిపై ఇసుక చల్లిరనియు చెప్పుదురు. చదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసెను.

యౌవనమున నొకనాడు వారొక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలును చూచిరి. ఎద్దు గాని గుఱ్ఱము గాని లేక పరుగిడు నా బండి వారి మనస్సును హరించెను. కోయంబత్తూరు చేరి, హోటలులో వడ్డన చేసి, సొమ్ము కూడబెట్టి, మోటారు సైకిలు కొనిరి. దానిని భాగము భాగముగ విప్పి, మరల బిగించి, మర్మము గ్రహించిరి.

విప్పినగాని తెలియని దేమున్నదని విద్యార్థు లడుగవచ్చును. సైకిలైనను కారైనను ఇంజను తత్త్వ మొక్కటే గనుక, 1948లో ఇంగ్లండున వెలువడిన జాగ్వార్ ఎక్స్.కె. 120 అను స్పోర్ట్సు కారును తీసికొందము. అందు వాల్వులను తెరచు క్యామ్ షాఫ్టులు రెండు పైభాగమున నుండును. క్రిందనున్న క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఇవి ఒక్క చుట్టు తిరుగవలెను. ఈ లెక్క తప్పనీయనిది టైమింగ్ చైను. కాలక్రమమున గొలుసు సాగినదందురు. నిజమునకు సాగునది ఇనుము కాదు, కీళ్లలోని పిన్నులును బుష్షులును అరుగును. నూరు కీళ్లలో ఒక్కొక్కటి 0.05 మిల్లీమీటరు వదులైనచో గొలుసు 5 మిల్లీమీటర్లు పొడుగగును. అంతట వాల్వులు ఆలస్యముగ తెరచుకొనును, బలము తగ్గును, గలగల శబ్దము పుట్టును. షాఫ్టుమీది మిట్టలు అరిగినచో వాల్వులు చాలినంత తెరచుకొనవు. గొలుసు చక్రపు పండ్లు దాటినచో పిస్టను వాల్వును తాకి ఇంజను పాడు కావచ్చును. సకాలమున నూనె మార్చకుండుట ఈ అరుగుదలకు ముఖ్యకారణములలో నొకటి. పైన రంగు మాత్రము నిగనిగలాడుచునే యుండును.

లోపలి సంగతి నెఱుగవలెనను ఈ పట్టుదలయే నాయుడుగారికి జీవనమార్గ మయ్యెను. 1920లో నొక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణముల నడుమ స్వయముగ నడిపిరి. అది క్రమముగ గొప్ప సంస్థగా పెరిగెను. భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరొందినది 1937లో వారి కృషివలన వెలువడెను. విద్యుత్తుతో నడచు క్షౌరయంత్రమును, ఓట్లు నమోదుచేయు యంత్రమును, కిరోసినుతో తిరుగు పంకాను కూడ నిర్మించిరి. బడి విడిచిన ఆయనయే 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్ నెలకొల్పుటకు పూనుకొనిరి. 1974 జనవరి 4వ తేదీన పరమపదించిరి.

ఉపాధ్యాయులమగు మేము ఈ చరిత్రము చదివి సిగ్గుపడితిమి. పద్య మప్పగింపలేని బాలుని మందుడని ఎన్నిమార్లు వెనుక బల్లకు పంపితిమో! తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: అట్టి బిడ్డ చేతికొక పానాయు, పాత యంత్రమును ఇచ్చి చూడుడు. విద్యార్థులారా! మీరు విప్పినదానిని మరల బిగింపకుండ విడువకుడు.