నీలిరంగులో లెక్క చూసిన సుబ్బారావు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఎక్కడైనా సరే, కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తపరీక్ష రిపోర్టులో ‘ఫాస్ఫరస్’ అనే మాట చూసే ఉంటారు. దాన్ని సులువుగా కొలిచే దారి చూపినవారిలో ఒకరు మన తెలుగాయనే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ పద్ధతిని ప్రకటించారు. రక్తానికో, మూత్రానికో మాలిబ్డేట్ తదితర రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కబడితే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట! ఇప్పుడు యంత్రాలు కాంతిని కొలిచి చెబుతున్నాయి, మాలిబ్డేట్ మాత్రం చాలాచోట్ల అదే.

1940లో లెడర్లే కంపెనీకి మారారు. మెథోట్రెక్సేట్ అక్కడి ఆయన బృందం కృషి ఫలితమే. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు. నోబెల్ రాకపోవడం మనకే వెలితి.

మీ ఇంట్లో కీళ్లవాతానికి ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతున్నారా? అది ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు మందగిస్తే ఒంట్లోనే పేరుకుపోతుంది. డాక్టర్లు తరచూ క్రియాటినిన్ పరీక్ష రాసేది అందుకే. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌నీ ల్యాబులో తయారుచేసి చూపింది సుబ్బారావు బృందమే.