తరిగొండ నుంచి తిరుమలకు: వెంగమాంబ కవిత నడిచిన దారి

హోసూరు నుంచి వెళ్లినా, చెన్నై నుంచి వెళ్లినా, తిరుమలలో అన్నప్రసాదం తిన్న మనవాళ్లు ఆ భవనం మీద మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్న పేరు చూసే ఉంటారు. ఆమె గొప్ప కవయిత్రి అన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు.

వెంగమాంబ 1730 ప్రాంతంలో గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లయింది, చిన్నతనంలోనే భర్త పోయారు. అప్పటి ఆచారం ప్రకారం తల తీయించుకోవాలి, పసుపు కుంకుమలు వదలాలి. తన భర్త వేంకటేశ్వరుడేనంటూ ఆమె దానికి ఒప్పుకోలేదని చెప్పుకుంటారు. అందుకు ఊరివారి నిందలు పడ్డారు. సుబ్రహ్మణ్య గురువు వద్ద యోగవిద్య నేర్చుకున్నారు.

తరిగొండలో ఉన్నన్నాళ్లూ ఆమెకు అండ ఊరి గుడిలోని నరసింహస్వామే. తొలి రచనలూ ఆ చుట్టూనే సాగాయి. స్వామి మీద శతకం చెప్పారు, నారసింహ విలాస కథ అనే యక్షగానం రాశారు. గురువు నేర్పిన యోగం రాజయోగామృతసారం అనే ద్విపద కావ్యమైంది.

తర్వాత ఊరు విడిచి తిరుమల చేరారు. కొన్నేళ్లు తుంబురు కోనలో ఒంటరిగా తపస్సు చేశారని ప్రతీతి. కొండ మీది బతుకు ఆమె కవితకు కొత్త విస్తృతి ఇచ్చింది. క్షేత్ర మహిమను వేంకటాచల మాహాత్మ్యంగా రాశారు. భాగవతాన్ని, వాసిష్ఠ రామాయణాన్ని ద్విపదలోకి తెచ్చారు. ద్విపద పాడుకోవడానికి వీలైన ఛందస్సు, పెద్ద చదువు లేనివారికీ చెవికెక్కుతుంది. చెంచు నాటకం వంటి యక్షగానాలూ రాశారు.

1817లో తిరుమలలోనే కన్నుమూశారు. ఆమె సమాధి అక్కడే ఉంది. శ్రీవారి ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి నేటికీ సాగుతోంది.

ఇన్ని మారినా ఒకటి మారలేదు. కొండ మీద రాసిన కావ్యాల్లోనూ ఆమె తరిగొండ నృసింహుణ్ణి తలచుకుంటూనే ఉన్నారు. వేంకటేశ్వరుడిలో తన ఊరి దేవుణ్ణే చూసుకున్నారు. నిందించిన ఊరిని వదిలారు గానీ, ఊరి పేరును వదల్లేదు. తాతల ఊరు దాటి తరాలు గడిచినా ఇంటిపేరులో ఆ ఊరిని మోస్తున్న మనకు ఆమె మనసు తెలియనిది కాదు.