ఉస్మానియా నేల మీద ఒక పాటకత్తె పేరు

ఉస్మానియా అంటే మనకు ఆర్ట్స్ కాలేజీ మెట్లు, హాస్టళ్లు, ఊరేగింపులు, లాఠీలు. ఇంట్లో మొదటిసారి చదువు మొహం చూసిన మన పిల్లలు ఎందరికో అక్కడే గొంతు దొరికింది. ఆ క్యాంపస్ వెలసిన అడిక్‌మెట్ రెండు వందల ఏళ్ల కింద ఒక తవాయిఫ్ జాగీరు. ఆమె పేరు మహ్‌లఖా బాయి చందా. పాడింది, ఆడింది, ఉర్దూలో గజళ్లు రాసింది, వందలాది ఆడపిల్లలకు విద్య నేర్పింది. పాతబస్తీ కథల్లో మాత్రం ఆమె నవాబుల మనసు దోచిన అందగత్తెగానే మిగిలిపోయింది. మనం ఆమెను గురువుగా చదవాలి.

ఆమె తల్లి రాజ్ కన్వర్‌ది అహ్మదాబాద్‌లో ఒక ఉద్యోగి కుటుంబం. సర్కారు సొమ్ము వాడుకున్న తండ్రి ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లీ బిడ్డలు దిక్కులేనివాళ్లయ్యారు. వారిని చేరదీసింది బంధువులు కాదు, భగతియాలు. ఊరూరా తిరిగి ఆడుతూ పాడుతూ బతికే సంచార కళాకారులు వాళ్లు. ఆడపిల్లలకు అన్నంతో పాటు ఆటా పాటా కూడా వాళ్లే ఇచ్చారు. ఆ విద్యే ఆధారంగా ఆ కుటుంబం బుర్హాన్‌పూర్‌కు, ఔరంగాబాద్‌కు, చివరికి హైదరాబాద్‌కు చేరింది. మన బుడగజంగాల, చిందు కళాకారుల బతుకు తెలిసిన వారికి ఈ దారి కొత్త కాదు. నిజాం దర్బారును మెప్పించిన పాటకు మూలం ఇల్లూ వాకిలీ లేని వాళ్ల దగ్గర ఉంది.

1768లో చందా బీబీ పుట్టింది. కడుపులో ఉండగా తల్లికి గండం వస్తే మౌలా అలీ గుట్టకు మొక్కుకున్నారని చెప్పుకుంటారు. ఆమె జీవితాంతం ఆ గుట్టను విడవలేదు. తన గజళ్లను హజ్రత్ అలీ స్మరణతో ముగించడం అలవాటు చేసుకుంది. ఆమెను దత్తత తీసుకుని పెంచింది అక్క మెహతాబ్ కన్వర్. నిజాం దీవాన్ రుక్నుద్దౌలా ఇంటి మనిషి కావడంతో మెహతాబ్ ఇంట్లో పుస్తకాలకూ ఉస్తాదులకూ లోటు లేదు. చదువుతో పాటు గుర్రపు స్వారీ, విలువిద్య కూడా చందాకు అక్కడే అబ్బాయి.

ఆమె సంగీత గురువు ఖుష్‌హాల్ ఖాన్. ఢిల్లీ నుంచి వచ్చిన కలావంతుల వంశం ఆయనది, తాన్‌సేన్ పరంపరకు చెందినది. ఇక్కడ ఒక్క మాట దగ్గర ఆగుదాం. మొఘల్ దర్బారులో కలావంత్ అంటే గాయకుల్లో అందరికన్నా పెద్ద పీట దక్కే మగవాళ్లు. అదే మాట కోస్తా జిల్లాల్లో కళావంతులు అయి, ఆడి పాడే ఆడవాళ్ల కులానికి అంటుకుని, చివరికి తిట్టుగా మారింది. విద్య మారలేదు. ఎవరి నోట పలికింది అన్నదాన్ని బట్టి గౌరవం మారింది.

నిజాం అలీ ఖాన్ కాలంలో ఆమె దర్బారులో స్థానం సంపాదించింది. మగవేషంలో ఆయన వెంట మూడు యుద్ధయాత్రలకు వెళ్లింది. మహ్‌లఖా, అంటే చంద్రముఖి, దర్బారు ఇచ్చిన బిరుదు. అమీర్లకు దక్కే హోదా, జాగీర్లు ఆమెకూ దక్కాయి. పెళ్లి చేసుకోలేదు. 1798 నాటికి 125 గజళ్లతో ఆమె దీవాన్ సిద్ధమైంది. 1799లో దాని ప్రతిని కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకగా ఇచ్చింది. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి మహిళ ఆమేనని చాలాకాలం రాశారు. దక్కన్‌కే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ అంతకన్నా కొంచెం ముందుదని తర్వాత తేలింది. దాంతో మహ్‌లఖా స్థానమేమీ తగ్గలేదు, దక్కన్ ఆడవాళ్ల కలం ఇంకా పాతదని తెలిసింది.

సంపాదనను ఆమె నగలకే ఖర్చు చేయలేదు. పుస్తకాలు పోగు చేసింది, దక్కన్ చరిత్ర రాయించింది, 300 మంది ఆడపిల్లలకు పాట, నాట్యం నేర్పించే ఏర్పాటు చేసింది. ఆడపిల్లకు అక్షరమే దూరమైన రోజుల్లో ఆ ఇల్లు ఒక బడి.

అయితే మనం ఆమెను దేవతను చేయనక్కరలేదు. జాగీరు అంటే రైతుల, కూలీల చెమట. అడిక్‌మెట్ ఆదాయం ఆ నేల దున్నిన వాళ్ల కష్టమే. తవాయిఫుల ఇళ్లకు చేరిన ఆడపిల్లలు చాలామంది తమ ఇష్టంతో కాదు, పేదరికం తోస్తే వచ్చారు. ఆమె ఎదిగింది దొరల లోకంలో, వాళ్ల షరతుల మీద. ఇది చెప్పకుండా ఆమెను పొగిడితే మన చరిత్ర కూడా దర్బారు చరిత్రే అవుతుంది.

1824లో ఆమె కన్నుమూసింది. 1792లో మౌలా అలీ గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి పక్కనే ఆమెను పూడ్చారు. తన ఆస్తి దిక్కులేని ఆడవాళ్లకు చెందాలని రాసి పోయింది. ఒకప్పుడు దిక్కులేకుండా మిగిలిన తల్లి బిడ్డకు అది గుర్తుండకుండా ఎలా ఉంటుంది?

తర్వాతి వందేళ్లలో కాలం తిరగబడింది. కొత్త నీతి వచ్చి తవాయిఫును వ్యభిచారిగా లెక్కగట్టింది. పాతబస్తీ మెహబూబ్ కీ మెహందీలోని పాటల ఇళ్లు చెడ్డపేరుతో మిగిలాయి. తెలుగు నేల మీద దళిత ఆడపిల్లల్ని జోగినులుగా, బసివిలుగా వదిలే దురాచారం మీద ఇదే హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ పోరాడారు. ఆ పోరాటం మనది. 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం రావడం అవసరమే. కానీ దోపిడీని నిషేధించడం వేరు, దోపిడీకి గురైన ఆడవాళ్ల మీద మచ్చ వేయడం వేరు. పాటా నాట్యం శుద్ధి పేరుతో పై కులాల సభలకు వెళ్లాయి. వాటిని తరతరాలుగా మోసిన ఆడవాళ్లకు సిగ్గు మాత్రమే మిగిలింది.

ఆమె సమాధి చాలాకాలం పాడుబడి ఉంది. 2010, 2011 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. పరాయి దేశానికి కనిపించిన విలువ మన పాఠ్యపుస్తకాలకు ఇంకా కనిపించలేదు. ఉస్మానియాలో చదివే మన విద్యార్థులు ఒకసారి మౌలా అలీ వెళ్లి చూడండి. అడిక్‌మెట్ చరిత్రను ఆమె పేరుతో, ఆ నేల దున్నిన వాళ్ల శ్రమతో కలిపి రాయండి. నిజాముల పేర్లు ఎవరైనా చెబుతారు, ఈ రెండూ మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.